కల్వర్టు అవతలి క్రిస్మస్ పాక

పిడుగురాళ్ల బట్టీల దగ్గర కాల్చిన సున్నపు గడ్డలను లారీలకెత్తే సుబ్బులమ్మకు నోరు ఎక్కువని మా సంఘంలో అందరూ అంటారు. నేనూ అన్నదాన్నే. ఇప్పుడు ఎవరైనా అంటే ఊరుకోను.

మా చర్చిలో ఒక అలవాటుంది. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా, అలంకరించిన ఇళ్లన్నీ గుంపుగా తిరిగి చూస్తాం. ఇంటింటా ఒక పాట, కేకు ముక్క, ప్రార్థన. ఏ ఇళ్లకు వెళ్లాలో లిస్టు రాసేది నేను, రాయించేది సంఘపెద్ద బాబూరావు గారు. లిస్టు ఎప్పుడూ ఊరి చివరి కల్వర్టు ఇవతలే ఆగిపోతుంది. అవతల బట్టీల రోడ్డు, దుమ్ము, ఆ దుమ్ములో సుబ్బులమ్మ ఇల్లు. పదకొండేళ్లుగా ఆమె వాకిలి అలుక్కుని, కేకు తెచ్చుకుని, మా కోసం కాచుకుని, చివరికి ఆ కేకు చుట్టుపక్కల పిల్లలకు పంచిపెడుతోంది. ఆ సంగతి తెలిసీ నేను ఆమె పేరు రాయలేదు. సిగ్గుచేటు.

పోయిన డిసెంబరులో ఆదివారం ఆరాధన కాగానే సుబ్బులమ్మ అందరి ముందూ లేచి నా వైపు తిరిగింది.

"నీరజా, ఈసారి మా ఇల్లు రాయవే."

బాబూరావు గారు నవ్వారు. "అక్కడ ఏం కట్టినా దుమ్ము కొట్టుకుపోద్ది గదమ్మా. చూట్టానికి ఏముంటది?"

"వచ్చి చూడండి పెద్దయ్యా. బాగోకపోతే ఇంక బతికుండగా పిలవను."

సంఘమంతా విన్నాక ఆయన కాదనలేకపోయారు. లిస్టులో ఆఖరున రాశాను.

ఆ రోజు ఆమె ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది, చలి మొదలైంది. స్టారు లేదు, సీరియల్ లైట్లు లేవు. వాకిట్లో గడ్డి పాక, పసిబాలుడు, ఒక ఎద్దు, ఒక ఆవు. చెరువు మట్టితో తనే చేసింది. వెనక ఒక్క బల్బు వెలుగుతోంది. చుట్టూ తాడు కట్టింది.

"ఇంతేనా?" అన్నారు బాబూరావు గారు.

"తాడు దాటకండి. ఒక్క నిమిషం ఆగండి" అని పాక వెనక్కి వెళ్లి, పశువుల కింద పెట్టిన ఇనప గమేళాలో చెంబుతో నీళ్లు పోసింది.

ఏమీ కాలేదు. గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. సుబ్బులమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

అంతలో బుసబుసమని చప్పుడు. గమేళాలోని సున్నపు గడ్డలు కుతకుత ఉడికాయి. ఆ బొమ్మలు లోపల బోలు, ముక్కులకు రంధ్రాలు పెట్టింది. ఎద్దు ముక్కులోంచి, ఆవు ముక్కులోంచి తెల్లటి ఆవిరి మెల్లగా బయటికొచ్చి పసిబాలుడి మీదుగా సాగింది. అచ్చం పశువులు ఊపిరి వదిలినట్టే ఉంది. చలికి ముడుచుకున్న మా మొహాలకు వెచ్చగా తగిలింది. పాట మొదలుపెట్టాల్సినవాళ్లు తాడు దాకా ముందుకు జరిగారు. కేకులూ లైట్లూ చూసి చూసి అలిసిన కళ్లకు ఆ రోజు నిజంగా పశువుల పాక కనిపించింది.

"ఇదెట్టా నేర్చావమ్మా?" అన్నారు బాబూరావు గారు.

"నేర్చేదేంది పెద్దయ్యా, ఇరవై రెండేళ్ల నుంచీ సున్నంతోనే గదా నా బతుకు. ఎంత గడ్డకి ఎన్ని నీళ్లో నా చేతికి తెలుసు."

ఆఖరి ఇంట్లో ప్రార్థన ఎప్పుడూ ఆయనదే. ఆ సాయంత్రం ఆయన తలపాగా తీసి, "నువ్వే చెయ్యి సుబ్బులమ్మా" అన్నారు.

ఆమె తాడు పట్టుకునే కళ్లు మూసుకుంది. "ప్రభువా, నువ్వు పుట్టిన రోజు గొర్రెల కాపర్లు ఎవర్నీ అడక్కుండా పరిగెత్తుకొచ్చారు. మావోళ్లకి పదకొండేళ్లు పట్టింది. అయినా వచ్చారు, చానా సంతోషం తండ్రీ. వచ్చే ఏడు ముందు మా ఇంటికే వచ్చేట్టు చెయ్యి. ఆమెన్."

అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది బాబూరావు గారే. కళ్లు తుడుచుకుంటూ నా వైపు తిరిగి, "వచ్చే ఏటి లిస్టులో మొదటి పేరు ఇప్పుడే రాయమ్మా, మళ్లీ మర్చిపోతాం" అన్నారు.