కోడె చెవిన పడ్డ ఐర్లండ్ పాట

ఐర్లండ్ రాక్ బ్యాండ్లకు ఆ దేశం బయట మొట్టమొదటి అభిమాన సంఘం ఎక్కడ పుట్టిందో తెలుసా? లండన్‌లో కాదు, బొంబాయిలో కాదు, బోధన్‌లో. పెట్టింది నేను. ఆ సంఘం సభ ఒకటి చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద, వెయ్యి మంది రైతులు, ఆరు వందల ఎడ్ల ఎదుట జరిగింది. ఆ సభలో ఒక కోడె బెదిరి, బండెడు చెరుకుతో కాలువలోకి ఉరకబోతే ముకుతాడు ఒంటిచేత్తో పట్టి ఆపింది కూడా నేనే. ఈ సంగతి నిజామాబాద్ టీ హోటళ్ళన్నిటికీ తెలుసు. అన్నిట్లోనూ నేనే చెప్పాను.

టీ హోటల్లో ఇట్లా చెబితే నడుస్తుంది. టీ నేనే తాగిస్తాను కాబట్టి ఎదురు మాట్లాడేవాడుండడు. కాగితం మీద పెట్టేసరికి చెయ్యి వెనకాడుతోంది. ఆ వెయ్యి మందిని కొట్టేస్తున్నాను. ఆరు వందల ఎడ్లను కూడా. రోడ్డు వంపు దాకా బండ్లుండేవి, వంపు అవతల ఏముందో నేను చూడలేదు. సంఘంలో సభ్యులం ముగ్గురమే. కోడె సంగతి మాత్రం నిజం. దాన్ని వదులుకోను.

డెబ్బైల మొదట్లో నాకు బోధన్ బజారులో రేడియో రిపేరు దుకాణం ఉండేది. రోజూ పొద్దున నిజామాబాద్ నుంచి రైల్లో వచ్చి తలుపు తీసేవాణ్ణి. ఒకనాడు ఫ్యాక్టరీ గెస్ట్ హౌస్ బావర్చి ఒక పెట్టె మోసుకుంటూ వచ్చాడు. చూడటానికి సూట్‌కేసు, మూత తీస్తే రికార్డు ప్లేయరు. కరెంటు అక్కర్లేదు, సెల్స్‌తో నడుస్తుంది. ఫ్యాక్టరీలో కొత్త టర్బైన్ బిగించడానికి ఐర్లండ్ ఇంజినీరొకాయన వచ్చి, రెండు సీజన్లు ఇతని చేతి వంట తిన్నాడు. పోతూ పోతూ ప్లేయరూ మూడు రికార్డులూ ఇతనికే ఇచ్చిపోయాడు.

"సాబ్ యాద్‌గార్ మియా ఇది, ఆయన గురుతు. మోగుతలేదు. ఎట్లన్న జేసి మోగియ్యాలె" అన్నాడు బావర్చి.

"స్విచ్ పోయింది భాయ్. గిసుంటి స్విచ్ హైదరాబాద్‌ల గూడ దొరకది."

"మరెట్ల?"

"రెండు వైర్లు బయటికి గుంజుత. మెలేస్తె మోగుతది, ఇడగొడితె ఆగుతది. కొన్నొద్దులకు మంచి స్విచ్ ఏస్త."

ఆ మంచి స్విచ్ నేను ఎప్పటికీ వెయ్యలేదు. ఆ రెండు వైర్ల మాట గుర్తుపెట్టుకోండి.

రికార్డుల అట్టలను వంటింట్లో చీమలు తినేశాయి. చక్కెర ఊళ్ళో చీమలు దేన్నీ వదలవు. అందుకని రికార్డులను ఉర్దూ పేపర్లలో చుట్టి పెట్టాం. మధ్యలో గుండ్రటి కాగితం మీద పేర్లుండేవి గానీ వాటిని నేను ఒకరోజు పలికినట్టు ఇంకోరోజు పలికేవాణ్ణి కాదు. చివరికి మేమే పేర్లు పెట్టుకున్నాం. ఒకరు కొట్లాటోళ్ళు. పెళ్ళింట్లో ఇత్తడి గిన్నెల మూట మెట్ల మీంచి జారితే ఎట్లా ఉంటుందో అట్లా మొదలయ్యేది వాళ్ళ పాట. రెండోవాళ్ళు ఫిడేలోళ్ళు. వాళ్ళ ఫిడేలూ కరెంటు గిటారూ తోడికోడళ్ళలాగా మాటకు మాట విసురుకుని, పాట చివర్లో ఒకే విస్తట్లో తినేవి. మూడోవాళ్ళు దగ్గు బ్యాండ్. పాట మధ్యలో పాడేవాడు ఒక్కసారి దగ్గుతాడు. మళ్ళీ పాడించే స్తోమతు లేకనో ఏమో, అట్లాగే అచ్చు వేశారు. పాట కన్నా మేము ఆ దగ్గు కోసమే చెవులు రిక్కించేవాళ్ళం. అది రాగానే బావర్చి "పాపం, జలుబు జేసింది" అనేవాడు, ప్రతిసారీ కొత్తగా విన్నట్టు.

ఇంజినీరు చెప్పి పోయాడట. ఈ బ్యాండ్లు వాళ్ళ దేశంలోనే పెద్దగా ఎవరికీ తెలియవట. దగ్గు బ్యాండులో డోలు వాయించేవాడు ఆయన మేనత్త కొడుకే, పగలు పాలు పోస్తాడట. ఆ మాటతో నాకు వాళ్ళ మీద ప్రేమ రెట్టింపయింది. మన బోధన్ బాజావాళ్ళు కూడా అంతే కదా. ఇక్కడ వాళ్ళు లేకుండా పెళ్ళి కాదు, అదే నవీపేటలో అడిగితే ఎవరు వాళ్ళంటారు. అంత చిన్నవాళ్ళ పాట అంత దూరం వచ్చి నా దుకాణంలో మోగుతుంటే, వాళ్ళను నేనే కాపాడుతున్నట్టు అనిపించేది.

మూడో సభ్యురాలు అక్క. నా తోడబుట్టింది కాదు. చందూర్ వైపు పల్లెలో చెరుకు, వరి పండించే రైతు. ఒకసారి రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చింది. అప్పుడు ఫిడేలోళ్ళు మోగుతున్నారు.

"ఏమ్రా తమ్మీ, గీ పాట ఏ ఊరోళ్ళది?"

"ఐర్లండోళ్ళది అక్కా."

"గదేడుంటది? పూణె అవుతలనా?"

"ఇంకా శాన దూరం."

ఆమె కొంగుతో బల్ల మీద దుమ్ము దులిపి కూర్చుంది. "గా ఫిడేలు ఎవల్నో పిలుస్తున్నట్టున్నది. మల్లొకపారి పెట్టు."

అప్పటి నుంచి బోధన్ వస్తే ముందు దుకాణానికి వచ్చేది, ఆ తరువాతే బజారు.

ఆ ఏడు అక్కకు మంచి రోజులు కావు. బావ కాలు విరిగి మంచాన పడ్డాడు. వానాకాలంలో జోడెడ్లలో ఒకటి చచ్చిపోయింది. దాని స్థానంలో కొత్త కోడెను తెచ్చారు. కాడి సరిగా అలవాటు కాలేదు. అయినా చెరుకు కోతకొచ్చింది, ఆగదు. నరికిన చెరుకు ఎండలో ఉన్నకొద్దీ రసం తగ్గి బరువు పోతుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాంటా మీద ఎంత తూగితే అంతే. కాంటా కోసం బండ్లు లైను కట్టేవి. ఎడ్లను విప్పి గడ్డి వేసి, ముందు బండి కదిలినప్పుడల్లా మళ్ళీ కాడి కట్టి నాలుగడుగులు జరగాలి. లైను తప్పిన బండి మళ్ళీ అందరికన్నా వెనక్కి పోవాలి. ఆనాటికి అక్క బండి లైనులో పడి రెండో రోజు.

బజారుకు వచ్చినవాడితో నాకు కబురు పంపింది. "ఎండకు తలకాయ తిరుగుతుంది. ఫిడేలోళ్ళను తోలుకరా."

సభ్యురాలు లైనులో ఉంటే సంఘమే లైనుకు పోవాలి కదా. శుక్రవారం, బావర్చికి నమాజు అయ్యింది. ప్లేయరూ మూడు రికార్డులూ సైకిలుకు కట్టుకుని ఇద్దరం బయల్దేరాం. ముందురోజు సెల్స్ నీరసించిపోతే పాట వినపడక సౌండు చివరి దాకా తిప్పి ఉంచాను. ఆ రోజు కొత్త సెల్స్ వేశాను. సౌండు తగ్గించడం మరిచిపోయాను.

రోడ్డుకు ఒక పక్క కాలువ. గట్టు నుంచి నీళ్ళ దాకా ఏటవాలు. నీళ్ళు నిండుగా పోతున్నాయి. అక్క బండి దగ్గర నిలబడి చెరుకు కొసలను చేత్తో నలిపి చూస్తోంది. వెనక బండి ఒక మరాఠా పెద్దమనిషిది. తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని చుట్ట కాలుస్తున్నాడు.

"సూడు తమ్మీ, కొసలెట్ల ముడుసుకపోయినయో. ఇయ్యాల కాంటా కాకపోతె నా కష్టమంత గాలికి పోతది. మీ బావ మంచంల కెల్లి 'అయ్యిందా, అయ్యిందా' అని మనిషి ఎనుక మనిషిని తోలుతుండు."

"అయితది గని అక్కా, ముంగట పది బండ్లు గూడ లెవ్వు."

"మెల్లగ పెట్టు. గీ కోడె మనిషి తుమ్మితె బెదురుతది."

"నాకు తెల్వదా?"

తెలుసు. తెలిసినవాడే చేస్తాడు ఇట్లాంటివి. బావర్చి ప్లేయరు పట్టుకుని చెరుకు మోపుల మీదికి ఎక్కి కూర్చున్నాడు. నేను కింది నుంచి ఉర్దూ పేపరులో చుట్టిన రికార్డు అందించాను. ఫిడేలోళ్ళనుకునే ఇచ్చాను. అంతలో ముందు బండి కదిలింది. అక్క గబగబా ఎడ్లను తెచ్చి కాడి కట్టింది. ముసలి ఎద్దు తనంతట తానే మెడ వంచింది. కోడె తల విదిలించింది. అక్క దాని మెడ కింది తాడు బిగించి, కాడిలో పుల్ల దూర్చి, గంగడోలు నిమురుతూ "హో, హో" అంటోంది.

సరిగ్గా అప్పుడు పైన బావర్చి రెండు వైర్లు మెలేశాడు.

ఇత్తడి గిన్నెలు జారాయి. కొట్లాటోళ్ళు! అంత సౌండుతో వాళ్ళను నేను కూడా ఎప్పుడూ వినలేదు. కోడె ముందరి కాళ్ళు గాల్లోకి లేపింది. బండి లైనులోంచి పక్కకు వంగి, గట్టు వైపు తిరిగింది.

"వైరు గుంజు!" అని అరిచాను.

"ఏ వైరు మియా? రెండున్నయ్!"

"ఏదో ఒకటి!"

గుంజడానికి చేతులు ఖాళీగా ఉంటే కదా. ఒక చేత్తో మోకు పట్టుకున్నాడు, ఇంకో చేత్తో ప్లేయరును ఛాతీకి అదుముకున్నాడు. చక్రం గుంటలో పడగానే రికార్డు ఎగిరిపోయింది. పాట ఆగిందనుకున్నాను. అప్పుడు సూది ఖాళీ పళ్ళెం మీద గీరుకోవడం మొదలుపెట్టింది. ఆ కర్ర్ర్ శబ్దానికి కోడె ఇంకా రెచ్చిపోయింది. ముసలి ఎద్దు కాళ్ళు నేలకు తన్ని ఆపుతోంది, అయినా డెక్కలు జారుతున్నాయి. మోపులు ఒక్కొక్కటే దొర్లుతున్నాయి. గట్టు అంచు రానే వచ్చింది. పైనున్న బావర్చికి ఈత రాదు. "యా అల్లా, యా అల్లా" తప్ప ఇంకో మాట లేదు.

అక్క బండి పక్కనే ఉరుకుతోంది. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టింది. ఇంకో చెయ్యి కాడి మీదికి చాపి ఆ పుల్ల కోసం తడుముతోంది. పుల్ల లాగితే కోడె విడిపోతుంది. లాగబోయి చెయ్యి జారి కింద పడితే చక్రం ఆమె మీదుగా పోతుంది. ఆ క్షణంలో నేను ముందుకు దూకి ముకుతాడు అందుకున్నాను. ఒంటిచేత్తో అని హోటళ్ళలో చెప్పాను. రెండు చేతులతో పట్టానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. కోడె ఒక్క గడియ తల తిప్పింది. ఆ గడియలో అక్క పుల్ల లాగేసింది.

కోడె గట్టు దిగి నీళ్ళలోకి పోయి, మోకాళ్ళ లోతులో నిలబడి, ఏమీ జరగనట్టు తాగడం మొదలుపెట్టింది. బండి నొగలు నేలకు గుచ్చుకుని ఆగింది. బావర్చి మోపుల మీంచి జారి కూర్చుని, అప్పుడు తీరిగ్గా రెండు వైర్లూ విడగొట్టాడు.

"ఇగో, ఆపిన" అన్నాడు.

అక్క అతన్ని చూడలేదు, నన్నూ చూడలేదు. లైను వైపు చూసింది. ముందు బండి గేటు వైపు జరిగిపోయింది. మధ్యలో ఖాళీ. లైను చూసే మనిషి కర్ర ఊపుతున్నాడు. "ఎనుక బండి జరుగు! తప్పిన బండి ఆఖరుకు!"

ఆఖరుకు పోవడమంటే ఇంకో రెండు రోజుల ఎండ.

మరాఠా పెద్దమనిషి కదల్లేదు. చుట్ట నోట్లోనే ఉంది. కాడి కట్టడానికి ఎడ్లను తేనేలేదు. వెనకనుంచి బండ్లవాళ్ళు తిట్టిపోస్తున్నారు. లైను మనిషి వచ్చి అతని బండిని కర్రతో తట్టాడు.

"థాంబా" అన్నాడు పెద్దమనిషి. ఆగమని. "నా ఎద్దు మేస్తుంది. మేసినంక వస్త."

ఆ ఎద్దు ముందర గడ్డిపోచ లేదు.

మేము ముగ్గురం మోపులు ఎత్తినంత వేగంగా ఏ కూలీ ఎత్తి ఉండడు. చెరుకాకు చేతులు కోస్తోంది. బావర్చి లాల్చీ భుజం దగ్గర చినిగింది. వెనకవాళ్ళ తిట్లు మా అమ్మల దాకా, అవ్వల దాకా పోయాయి. అక్క నీళ్ళలోకి దిగి కోడెను చెవి పట్టుకుని తెచ్చింది. చివరి మోపు పైన పడీ పడకముందే కాడి కట్టింది. బండి లైనులో దూరింది. అప్పుడు మరాఠా పెద్దమనిషి లేచి, చుట్ట ఆర్పి, తలపాగా చుట్టుకున్నాడు.

కాంటా అయ్యేసరికి ఎండ వాలింది. ఖాళీ బండి మీద నలుగురం కూర్చున్నాం, పెద్దమనిషి కూడా ఎక్కాడు. కోడెను వెనక దూరంగా కట్టారు. అక్క తానే పేపర్లు విప్పి, రికార్డు తీసి, ఇటూ అటూ తిప్పి చూసి ఇచ్చింది. సౌండు తగ్గించి ఫిడేలోళ్ళను పెట్టాను. ఎక్కడో పేరు లేని ఊళ్ళో ఎవరో కుర్రాళ్ళు ఫిడేలూ గిటారూ పట్టుకుని జగడమాడి, మళ్ళీ కలిశారు. పెద్దమనిషి కళ్ళు మూసుకుని విన్నాడు. కోడె చెవులు ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగాయి. సంఘం చరిత్రలో అంతకన్నా మంచి సభ జరగలేదు.

కొట్లాటోళ్ళ రికార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. బండి మీంచి ఎగిరి పడ్డా అదృష్టం కొద్దీ గీత కూడా పడలేదు.

ఇదంతా రాసి చందూర్ పోయి అక్కకు చదివి వినిపించాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. మరాఠా పెద్దమనిషి దగ్గర చేట ఆపింది, కోడె చెవుల దగ్గర నవ్వింది. చివరి కాగితం మడిచేసరికి చేట పక్కన పెట్టింది.

"మంచిగ రాసినవ్ తమ్మీ. గని ముకుతాడు నువ్వెప్పుడు పట్టినవ్?"

"నేను దుంకలేదా అక్కా?"

"దుంకినవ్. నాకు చెయ్యి సాయం కావాలని 'తమ్మీ' అని మొత్తుకుంటె, నువ్వు నా పక్కకెల్లి రివ్వున ఉరికి రికార్డు కిందికి దుంకినవ్. ఒంటిచేత్తో పట్టింది నిజమే. పట్టింది ముకుతాడు కాదు, గా రికార్డు. కోడెను ముసలెద్దు గుంజింది, పుల్ల నేను తీసిన. గది రాయి."