బాబాయి చూడని కెమెరా

గుంటూరులో కెమెరాలు బాగుచేసే బాబాయి పోయాడని మొన్న శుక్రవారం పొద్దున వాళ్ళ పెద్దబ్బాయి ఫోన్ చేశాడు. సత్తెనపల్లిలో నా స్టూడియోలో ఒక ఇంటర్ పిల్లకి పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నాను అప్పుడు. "గడ్డం కొంచెం పైకెత్తమ్మా" అని ఫోన్ రాకముందు ఒకసారి, పెట్టేశాక ఇంకోసారి అన్నాను. ఆ పిల్ల పాపం ఎత్తిన గడ్డం ఇంకా ఎత్తింది. రేపు రమ్మని పంపించేసి గుంటూరు బస్సెక్కాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఫోటోగ్రాఫర్లందరికీ సాయిబుగారు. స్టూడియో పెట్టిన కొత్తల్లో వారానికి రెండుసార్లు వెళ్ళి ఆయన బల్ల పక్కన కూర్చునేవాణ్ణి కాబట్టి నాకు బాబాయి అయ్యాడు. నేనేం చేసినా "పద్ధతిగా చెయ్యి అబ్బాయ్" అనేవాడు. టీ తాగినా అదే మాట.

రీలు పోయి డిజిటల్ వచ్చిన రోజులవి. కొత్త కెమెరా కొనే తాహతు మాలో ఎవరికీ లేదు. ఒకడు వాడి వదిలేసింది ఇంకొకడు కొనుక్కోవడమే. చిక్కంతా షట్టరుతోనే. అది ఇన్ని వేలసార్లు తెరుచుకుని మూసుకుంటుందని ఒక లెక్క ఉంటుంది, అది దాటాక ఎప్పుడు ఆగిపోతుందో దానిష్టం. రీలు రోజుల్లో ఆచితూచి నొక్కిన మేమే డిజిటల్ చేతికి రాగానే ఒక్కో పెళ్ళికి వెయ్యేసి నొక్కేస్తున్నాం. అందుకని పాత కెమెరా కొనే ప్రతివాడూ ముందు దాన్ని ఆయన బల్ల మీద పెట్టేవాడు.

ఆయన వెంటనే మీట నొక్కేవాడు కాదు. ముందు చేత్తో తడిమేవాడు. పట్టుకునే చోట రబ్బరు నునుపెక్కిందా, ఫ్లాష్ తగిలించే చోట రంగు లేచిందా, అడుగున మరల మీద గీతలున్నాయా చూసేవాడు. "ఫోటో నంబరు చూసి మోసపోమాక. పదివేలయితే మళ్ళీ ఒకటి నుంచి మొదలవుద్ది. రబ్బరు కొత్తగా ఉండి, మీటల మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయా, ఇంకేం అడక్కుండా లేచొచ్చెయ్" అనేవాడు. తరవాత దాన్ని ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఒకసారి అలా వాసన చూసి నాలుగు తుమ్ములు తుమ్మి, "ఇది మిర్చి యార్డులో తిరిగిందయ్యా" అన్నాడు. అమ్మేవాడి మొహం మాడిపోయింది. లెన్సు తిప్పినప్పుడు కరకరమంటే మార్టూరు క్వారీల రాతి పొడి అనేవాడు. లోపల నూగు కనిపిస్తే పత్తి మిల్లు. ఇవన్నీ అయ్యాకే ఎదురుగా ఉన్న సున్నం గోడకి గురిపెట్టి, అన్నిటికంటే ఎక్కువ వేగంలో పెట్టి నొక్కేవాడు. ఫోటోలో ఒక అంచున నల్ల నీడ పడిందంటే షట్టరు అలిసిపోయినట్టు.

బాగుందని ఏనాడూ అనలేదు. "చూశాను, తీసుకో" అనేవాడు, లేకపోతే కెమెరాని మౌనంగా సంచిలో పెట్టి ఇచ్చేసేవాడు. సాయిబుగారు చూశారంటే మాలో ఇక బేరానికి మాట ఉండేది కాదు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. మూడేళ్ళుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను.

నాకు కొత్త కెమెరా మీద మోజు పుట్టింది. పాతదాన్ని వదిలించుకోవాలి. ఆయన నేర్పినట్టే మా మేడ మీద గోడకి గురిపెట్టి నొక్కాను. కుడి అంచున నల్ల నీడ పడింది. బాబాయి దగ్గరికి తీసుకెళితే ఏమంటాడో తెలుసు. తీసుకెళ్ళలేదు. ఆయన ఏమేం చూస్తాడో వరసపెట్టి అన్నీ సర్దాను. రబ్బరు మార్పించాను, లేచిన రంగు మీద నల్లరంగు పూశాను, పళ్ళు తోముకునే బ్రష్షుతో సందులన్నీ దులిపాను. కొనడానికి వచ్చినవాడు ప్రత్తిపాడులో స్టూడియో ఉన్న నా స్నేహితుడే.

"సాయిబుగారికి చూపించావా?" అని అడిగాడు.

"ఆ, చూశాడు" అన్నాను.

అంతే, ఇంకోమాట అడక్కుండా కెమెరా భుజాన తగిలించుకుని వెళ్ళాడు.

ఆ ఏటి పెళ్ళిళ్ళ రోజుల్లోనే అది ఆగిపోయింది. వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్రా బెల్లం పెట్టే క్షణంలో మీట నొక్కితే లోపల బిగుసుకుపోయి ఇక కదల్లేదట. ఆ పెళ్ళి ఆల్బంలో ముహూర్తం ఫోటో లేదు. పెళ్ళికూతురి తండ్రి నలుగురిలో నానా మాటలూ అన్నాడు.

స్నేహితుడు మర్నాడే గుంటూరు వెళ్ళాడు. ఏం జరిగిందో నాకు వాడే చెప్పాడు. "కెమెరా ఆయన ముందు పెట్టి, 'మీరు చూశారని సత్తెనపల్లివాడు చెబితేనే కదండీ తీసుకుంది' అన్నా. అటూ ఇటూ తిప్పాడు. రబ్బరు మీద వేలు పెట్టి రుద్దాడు. 'నాదే పొరపాటు నాయనా, సరిగ్గా చూళ్ళేదు' అన్నాడు. ఇంకో పాత కెమెరాలోంచి షట్టరు పీకి దీనికేసిచ్చాడు. పెద్దాయన, ఏమంటాం? చూపు తగ్గినట్టుంది."

ఆ మాట నా స్టూడియోలోనే, నా కుర్చీలో కూర్చుని చెప్పాడు. నేను తల ఊపాను.

ఆ తరవాత చూపు తగ్గిందన్న మాట ఊరూరా పాకింది. కెమెరాలు పట్టుకొచ్చేవాళ్ళు పలచబడ్డారు. కొత్తగా ఎవరో కంప్యూటర్లో పెట్టి షట్టరు లెక్క చెబుతున్నారని అటు పోయారు కొందరు. నేను మాత్రం మానకుండా వెళ్ళేవాణ్ణి. ప్రతిసారీ చెప్పేద్దామనే బయల్దేరేవాణ్ణి. ఆయన పేపరు మడిచి టీ చెప్పేవాడు, మా అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగేవాడు. అబద్ధం ఆడింది నేనని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలుసు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కొందామనుకున్న లెన్సు ఒకటి బల్ల మీద పెడితే, ముట్టుకోకుండా నావైపు తోసి, "నువ్వు చూశావుగా అబ్బాయ్, చాల్లే" అన్నాడు. ప్రేమగా అన్నాడో, వాత పెట్టాలనే అన్నాడో ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ రోజయినా కాళ్ళ మీద పడాల్సింది. టీ తాగి బస్సెక్కాను.

ఖబరస్థాన్‌లో నేనూ గుప్పెడు మట్టి వేశాను. వచ్చిన ఫోటోగ్రాఫర్లు అయిదారుగురు మించి లేరు. బయట గేటు దగ్గర ప్రత్తిపాడు స్నేహితుడు కళ్ళు తుడుచుకుంటూ నా పక్కకొచ్చాడు.

"ఎన్ని వందల కెమెరాలు చూసుంటాడ్రా. ఖర్మ కొద్దీ నాదొక్కటే తప్పు చూశాడు. నేనేమో నోరు ఊరుకోక అందరికీ చెప్పా" అన్నాడు.

"ఆయన దాన్ని చూళ్ళేదురా" అన్నాను. "నేనసలు తీసుకెళ్ళలేదు. పాడయిందని తెలిసే నీకిచ్చా."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. జేబులోంచి తీసిన బండి తాళం చేతిలోనే ఉంది.

"ఆయనతో చెప్పావా ఈ మాట?"

"లేదు."

వాడు బండి తాళం మళ్ళీ జేబులో వేసుకున్నాడు. గేటు పక్కన చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయాడు. అందరూ వచ్చేశారు, లోపల ఇంకెవరూ లేరు. తడి మట్టి పక్కన గొంతుక్కూర్చుని చేతులు రెండూ జోడించి ఏదో చెబుతున్నాడు. చాలాసేపు చెప్పాడు. నాకేం వినపడలేదు. నేను గేటు ఊచ పట్టుకుని బయటే నిలబడి ఉన్నాను, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.