పార తిరగేసి కొట్టే వెంకట్రాములు

మఫ్రఖ్ అవతల ఎడారిల మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న అరబ్బు సేటు, ఒక మంచు షెడ్డు కట్టించిండు. బయట నలభై ఎనిమిది డిగ్రీల ఎండ, లోపల మంచు పోసిన వాలు. ఏటా దోస్తులతోని పరాయి దేశం పోయి మంచుకొండలు ఎక్కుతడు, ఆ ఎక్కుడేదో ఇంటికాన్నే నేర్చుకోవాలని ఆయన షోకు. నేను డ్రైవర్ని, నాకెందుకు.

అండ్ల మంచు ఎత్తిపోసేటోడు మా జగిత్యాల దిక్కు వెంకట్రాములు. ఊర్ల బావులు తవ్వేటోడు. మనిషి మంచోడే గని వట్టి నస. ఒక్క పార మంచు ఎత్తాలంటే ముందుగాల పార తిరగేసి మూడుసార్లు కొట్టాలె, చెవి పెట్టి వినాలె. చూస్తుంటే నాకే మండుతుండె. ఇగ సూపర్‌వైజర్ మంగరాజుకు మండదా? ఆయనది కాకినాడ.

"ఏవయ్యా, మంచుకి ముహూర్తం పెడుతున్నావా? నెలాఖరుకి నీ వీసా ఖలాస్" అన్నడు.

వెంకట్రాములు ఆ దినం బువ్వ తినలే. ఊర్ల ఇల్లు గోడలదాకనే లేసింది, గిప్పుడు పంపిస్తే దానికి కప్పు పడది.

రెండువేల ఆరు జూలైల, కొండల మీద మంచు ఎప్పుడు విరిగి పడ్తదో నేర్పనీకి కఫీల్ ఒక గోరా ట్రైనర్‌ను పిలిపించిండు. అంతకు వారం ముందే చల్లటి గాలి మిషను ఒక పూట బందయ్యి, పై మంచు కరిగి, మళ్ల గాజు లెక్క గడ్డకట్టింది. ఎవడు చూస్తడని మంగరాజు దాని మీదనే మోకాలెత్తు కొత్త మంచు పోయించిండు.

కాళ్లదాక ఉండే తెల్లటి కందూరల మీద లావు కోట్లేసుకొని కఫీల్, దోస్తులు కింద కుర్చీలల్ల కూసున్నరు. నేను చాయ్ థర్మోసు పట్టుకొని నిలబడ్డ. ట్రైనర్ వాలు ఎక్కవోతుంటే వెంకట్రాములు అడ్డం నిలబడి, మంచును పారతోని కొట్టి చూపిచ్చిండు.

"సాబ్, నక్కో. చెప్పు దయాకరన్నా, పై మంచు కిందిదాన్ని పట్టుకుంటలేదు. మనిషి బరువు పడితే జారుతది."

నాకొచ్చిన ఇంగ్లీషుల చెప్పిన. షెడ్డులల్ల గట్ల కాదని ట్రైనర్ నవ్విండు. మంగరాజు వచ్చి "యల్లా, తప్పుకో" అని వెంకట్రాములును పక్కకు నూకిండు.

ట్రైనర్ పదడుగులు వేసిండో లేదో, పెళ్ళుమన్నది. మంచు పెద్ద పలక లెక్క ఊడింది. దాని మీద ట్రైనర్ కూలవడి, రయ్యిన జారుకుంట, నడుమ మంగరాజును గూడ ఎక్కించుకొని, కఫీల్ కుర్చీ కాడికి వచ్చి ఆగిండు. మంగరాజు నడుందాక మంచుల కూరుకవోయిండు. నా థర్మోసు ఏడవోయిందో ఇయ్యాల్టిదాక దొరకలే. కఫీల్ కడుపు పట్టుకొని నవ్విండు. నేను రుమాలు నోట్ల కుక్కుకున్న.

ట్రైనర్ మంచు దులుపుకొని సీదా వెంకట్రాములు దగ్గరికి వచ్చిండు. ఇది ఏ స్కూల్ల నేర్చినవని అడుగుమన్నడు. అడిగిన. అప్పటికే వెంకట్రాములు మంగరాజును తవ్వి తీసుడు షురూ చేసిండు. అప్పుడు గూడ తవ్వే ముందు పార తిరగేసి కొడుతుండు.

"స్కూలేందన్నా. మా తమ్ముడు బావిల దిగిన దినం నేను కొట్టి చూడలే. మన్ను మీదవడ్డది. తవ్వేదాక వాడు ఆగలే."

ఏం చెప్పిండని ట్రైనర్ నా మొకం చూస్తుండు.

మంగరాజుకు మాత్రం తర్జుమా అక్కర్లేకపాయె. పండ్లు టకటక కొట్టుకుంటుండంగ, "మెల్లగా కొట్టుకో రాములూ, తొందరేం లేదు. ఆ నెలాఖరు మాట మర్చిపో" అన్నడు.