రాని జీపు, కట్టని గది

1981లో నేను చెన్నేకొత్తపల్లిలో ఏఎన్ఎంని. అంటే ఊరూరూ తిరిగి కాన్పులు చేసే నర్సును. బస్సు లేని పల్లెలకు నా కాళ్లే దిక్కు. అన్నిటికంటే దూరపు పల్లెలో ఆ ఏడాది సర్పంచి ఎన్నికలొచ్చాయి. సర్పంచిని అక్కడ ప్రెసిడెంటనే అంటారు. పార్టీ గుర్తులు లేకపోయినా ఎవరి వెనక ఏ జెండా ఉందో ఊరందరికీ తెలుసు.

నిలబడింది ఇద్దరు. రామాంజులు ఎర్రజెండా మనిషి. ఇంటిపన్ను పెంచుతానని చెప్పి మరీ ఓట్లడిగినవాణ్ని నేను అతణ్నొక్కణ్నే చూశాను. ఆ పన్నుతో సబ్‌సెంటర్‌కు, అంటే నర్సు ఊళ్లోనే ఉండి కాన్పులు చేసేందుకు, గది కడతాం, అందాకా గెలిచిన మర్నాటి నుంచే నర్సమ్మ పంచాయతీ ఆఫీసులో కాపురముంటుంది, ఇంక మీరు ఎవరి గడపా తొక్కనక్కర్లేదు అనేవాడు. నాగిరెడ్డిది భూములున్నవాళ్ల పార్టీ. ఆయన పన్నే తీసేస్తానన్నాడు. ఎవరి డబ్బు వాళ్ల దగ్గరే ఉండాలి, కష్టమొస్తే నేను లేనా, నా జీపు లేదా అన్నాడు. చెడ్డవాడేం కాదు. అడిగితే లేదనేవాడు కాదు.

గొర్రెలు మేపే ఖాసీం భార్య మాబున్నికి అప్పుడు తొమ్మిదో నెల. అంతకుముందు ఇద్దరు బిడ్డలూ పెనుకొండ ఆసుపత్రికి పోతూ ఎద్దులబండిలోనే పుట్టి చనిపోయారు. నొప్పులు రానిదే ఆసుపత్రిలో చేర్చుకోరు. ఓట్లకు ముందురోజు నేను పొట్ట చూస్తుంటే అడిగింది.

"నర్సమ్మా, నువ్వే చెప్పు. ఎవురికెయ్యాల?"

ఆ గది మీద నాకెంత ఆశో. కిటికీ ఎటువైపు పెట్టించాలా అని కూడా ఆలోచించేదాన్ని. అయినా, గవర్నమెంటు ఉద్యోగిని అనకూడని మాట, తెలివైనదాన్ననుకుని అనేశాను. "గది మాట దేవుడెరుగు. జీపు కళ్లెదురుగా ఉంది కదా." చుట్టూ కూర్చున్న ఆడవాళ్లంతా విన్నారు. నాగిరెడ్డి గెలిచాడు.

పది రోజులకు మాబున్నికి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. ఖాసీం నేరుగా రెడ్డి ఇంటికి పోయాడు. జీపేమో రెడ్డి కూతురి పెళ్లి పట్టుచీరల కోసం ధర్మవరం పోయింది. ఇంకాసేపట్లో వస్తాది, కూర్చో అప్పా అని రెడ్డి మజ్జిగ కూడా ఇప్పించాడట. ఖాసీం కూర్చున్నాడు. జీపుందన్న ధీమాతో నాకు కబురే పెట్టలేదు. ఎండ నడినెత్తికొచ్చాక వాళ్ల పక్కింటాయన భయపడి సైకిలు మీద నాకోసం వచ్చాడు. అదే సైకిలెక్కి వెళ్లాను.

అప్పటికే కాన్పయిపోయింది. ఆడపిల్ల. అస్ఫిక్సియా, అంటే పుట్టగానే ఊపిరి అందకపోవడం. గొంతుకు అడ్డుపడ్డ ఉమ్మనీటిని లాగే మ్యూకస్ సక్కర్ అనే చిన్న గొట్టం నా సంచిలోనే ఉంది. ఒళ్లింకా వెచ్చగా ఉందని గొట్టంతో లాగాను, నోట్లో నోరు పెట్టి ఊదాను. లాభం లేకపోయింది.

మాబున్ని నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ పన్నేదో కడతామని ఓటేసింటే నువ్వు ఈడే ఉండేదానివి కదా నర్సమ్మా" అంది.

మంచివాడి సాయం కూడా ఆయనకు వీలైనప్పుడే అందుతుందనీ, నలుగురూ పన్ను కట్టి నిలబెట్టుకున్నది అడక్కుండానే అందుతుందనీ నాకు తెలిసొచ్చింది ఆ రోజే. రెండు జెండాలకూ తేడా అదే. ఓట్లు పడిపోయాక ఆ మాట ఎవరికి చెప్పి ఏం లాభం?

తర్వాత హిందూపురం ఆసుపత్రికి బదిలీ అయి, అక్కడి లేబర్ రూములోనే రిటైరయ్యాను. అయినా నేనొక్కరోజూ ఉండని ఆ గది మీదే నాకు బెంగ. కట్టి ఉంటే కిటికీ తూర్పుకు పెట్టించేదాన్ని. అటువైపే మాబున్ని ఇల్లు.