చుక్కల పిన్ని

ఆ ఇంటి చిన్నకోడలికి ఒకటే పిచ్చి. తెల్లగా, పొడిగా ఏది కనిపించినా దాని మీద చుక్క వెయ్యందే నమ్మదు. బడిలో సైన్సు టీచరు. చేతిసంచిలో దువ్వెన లేకపోయినా అయోడిన్ సీసా, వెనిగర్ సీసా ఉండి తీరాలి. అయోడిన్‌కు నల్లబడితే పిండి, వెనిగర్‌కు బుస్సుమంటే వంటసోడా. అత్తగారి మొహం పౌడరునూ వదల్లేదు. "ఇందులో సగం మొక్కజొన్న పిండే అత్తయ్యా!" అంది. పిల్లలు చుక్కల పిన్ని అని పేరు పెట్టేశారు.

పెద్దకోడలికి మాత్రం ఒళ్లు మండిపోయేది. పదిహేనేళ్లుగా ఇంటిల్లిపాదికీ వండి పెడుతోంది, ఒక్కరూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు. నిన్నగాక మొన్న వచ్చిన ఈవిడ సాసర్‌లో చిటికెడు సోడా పొంగిస్తే ఇల్లంతా చప్పట్లే! మామగారైతే "మా సైంటిస్టు!" అని మురిసిపోవడం.

పైగా ఈమధ్య ఈ సంత వంటింట్లోకే వచ్చింది. పొద్దున్నే డబ్బాలు దించడం, మొదలెట్టడం.

"అక్కా, ఇటు చూడు. చక్కెరను గరిటెలో వేడిచేస్తే రంగు మారుతుంది. ఉప్పయితే ఎంత కాల్చినా తెల్లగానే ఉంటుంది."

"నా వంటింట్లో నాకే పాఠాలా?" అని పెద్దకోడలు మూతి మూడు వంకరలు తిప్పేది. చూడనట్టే ఉండి అంతా చూసేది.

అసలు భయం వేరే ఉంది. మూణ్ణెల్ల కిందట జ్వరం తగ్గాక ఆవిడకు వాసనా పోయింది, రుచీ పోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే గరిటె చిన్నదాని చేతికి పోతుంది. చప్పట్లు ఎలాగూ పోయాయి, గరిటె కూడానా? అందుకే చేతి అంచనాతో నెట్టుకొస్తోంది.

అత్తగారి పుట్టినరోజుకు కేకు చేస్తానని గొప్పకు పోయింది. డబ్బాలు కడగడానికి పొడులన్నీ నాలుగు గిన్నెల్లో పోసింది. ఆనక ఏది ఏదో మర్చిపోయింది. మొక్కజొన్న పిండి, సోడా, మెత్తగా కొట్టిన చక్కెర, పొడి ఉప్పు. అన్నీ తెల్లగానే ఉన్నాయి. నాలుక మీద వేసుకుంది. అన్నీ మట్టిలాగే ఉన్నాయి.

చిన్నది స్నానానికి వెళ్లింది. సంచి కుర్చీకి వేలాడుతోంది. పెద్దకోడలు అటూ ఇటూ చూసి, సీసాలు లాగి, సాసర్లలో చుక్కలు వేసింది. ఒకటి నల్లబడింది. ఒకటి బుస్సుమంది. మూడోది గరిటెలో వేసి పొయ్యి మీద పెడితే గోధుమరంగుకు తిరిగింది. హమ్మయ్య అనుకుంటూ వెనక్కి తిరిగితే, తలుపు దగ్గర చిన్నకోడలు తలకు తువ్వాలుతో నిలబడి చప్పట్లు కొడుతోంది!

"ష్! ఎవరైనా వస్తారు!"

"రారులే అక్కా, తలుపేశాను."

"అంటే... నీకు తెలుసా?"

"ఓ రోజు పరీక్ష చెయ్యకుండా చక్కెరనుకుని ఉప్పేసి కాఫీ కలిపి చచ్చాను. ఆ ఉప్పు కాఫీ నువ్వు గ్లాసుడూ తాగేసి బాగుందన్నావు. అప్పుడే తెలిసింది. అందుకేగా రోజూ నీ డబ్బాలు దించుతున్నాను."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు వినవుగా. నా మీద కుళ్లుతోనైతే ఒక్కటీ వదలకుండా చూస్తావు!"

పెద్దకోడలికి నవ్వొచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. ఈ తెలివి కూడా దీనికే ఉండాలా అనుకుంది.

సాయంత్రం కేకు ముక్క మిగల్లేదు. "మా సైంటిస్టు చెయ్యి పడిందా?" అని మామగారు అడిగారు.

"నేను ముట్టుకోలేదు మామయ్యా, అంతా అక్కే."

ఇల్లంతా చప్పట్లు మోగిపోయాయి.

మర్నాడు పొద్దున్న చిన్నకోడలు అలవాటుగా ఓ డబ్బా దించి, సంచిలో చెయ్యి పెట్టింది. సీసాలు లేవు. చూస్తే పొయ్యి పక్క అరలో ఉన్నాయి.

"జరుగు జరుగు," అంది పెద్దకోడలు కొంగు దోపుకుంటూ. "నా వంటింట్లో చుక్క వేసేది నేనే."