వైర్‌లెస్ వీపున కట్టుకున్న అల్లుడు

మంగళవారం పొద్దున నాచారంలో మా అల్లుడు పోయాడు. ఛాతీ పట్టుకుని కూర్చున్నవాణ్ని ఆటోలో వేసుకుని దవాఖానాకు బయలుదేరితే, ఉప్పల్ చౌరస్తా దాటకముందే ప్రాణం పోయింది. నలభై కూడా నిండలేదు. అల్లుడంటే కూతురి మొగుడు అనుకునేరు. నా భార్య తమ్ముడి కొడుకు. మా రెండిళ్లలోనూ మొదటి మిలటరీ ఆఫీసరు. ఏడో తరగతి తప్పిన నేను వాడి గురించి రాస్తున్నానంటే ముందు వాడే నవ్వేవాడు.

మేడిపల్లిలో పెళ్లికి లారీ మాట్లాడుకుని వెళ్తే, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మా తలలు లెక్కపెట్టేవాడు.

"మేం మేకలమా అల్లుడూ?"

"మేకలైతే చెప్పినట్టు ఇంటయి మామా. మీతోనే తిప్పలు."

ఎనభైల చివర్లో పులులతో పోరుకు లంకకు పోయిన మన సైన్యంలో వాడు సెకండ్ లెఫ్టినెంటు. భుజానికి గాయమై ఇంటికొచ్చిన కొత్తలో, ఓ ఆదివారం సాయంత్రం మా టీవీలో బొమ్మ చెదిరిపోయింది. సినిమా కోసం ఇరుగుపొరుగంతా చేరి ఉన్నారు. మిద్దె ఎక్కి యాంటెన్నా తిప్పమన్నాను. వాడు దానివైపు చూస్తూ కదలకుండా నిలబడ్డాడు. నా నోరు ఊరుకుంటుందా?

"సూడున్రి! తుపాకులకు బెదరనోడు యాంటెన్నాకు బెదిరిండు!"

అందరూ నవ్వారు. వాడూ నవ్వి, ఎక్కి తిప్పాడు. బొమ్మ నిలబడింది కానీ వాడు కిందికి రాలేదు. పైకెళ్లి చూస్తే రెండు చేతులతో యాంటెన్నా కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు.

"ఏందిరా?" అంటే అప్పుడు చెప్పాడు.

"ఆఫీసరు ఎనకనే వైర్‌లెస్ మోసేటోడు నడుస్తడు మామా. వాని వీపు మీద యాంటెన్నా కనబడితే ఆఫీసరు గాడనే ఉన్నడని అవతలోళ్లకు తెలుస్తది. తాటితోపులో నన్ను కొట్టబోయిన తూటా వాని తొడకు తాకింది. పడ్డంక గూడ యాంటెన్నా నిలబడే ఉంది. ఇంకా కొడుతనే ఉన్నరు."

"మరి నువ్వేం జేసినవ్?"

"పాక్కుంట పోయి సెట్టు నా వీపుకు కట్టుకున్న. పక్కకు ఉరికిన."

"భయం గాలేదా?"

"మస్తు అయింది. భయం లేనోన్ని నమ్మొద్దు మామా, ఆడు పక్కోన్ని సంపుతడు."

మిగతాది ఆ వైర్‌లెస్ మనిషి తర్వాత వాళ్లింటికి రాసిన ఉత్తరంలో తెలిసింది. తూటాలన్నీ యాంటెన్నా వెంట మళ్లాయట. ఒకటి భుజంలో దిగినా వాడు ఆ సెట్టులోనే సాయం పిలిచి, మళ్లీ వెనక్కి వెళ్లి, ఆ మనిషిని వీపున వేసుకుని గట్టు దాటించాడట. ఊరందరినీ వెక్కిరించే నేను, ఆ ఉత్తరం చదివిన రోజు నుంచి యాంటెన్నా తిప్పాల్సొస్తే నేనే మిద్దె ఎక్కాను.

అల్లుడి అంత్యక్రియలకు ఆ వైర్‌లెస్ మనిషి నల్గొండ దగ్గర పల్లె నుంచి కుంటుకుంటూ వచ్చాడు, పెళ్లాం పిల్లలతో. చర్చి దగ్గర శవపెట్టె ముందు మూలకు భుజం పెట్టాడు. దారిలో మావాళ్లంతా భుజాలు మార్చుకున్నారు. ఆయన మాత్రం వదల్లేదు.

"తమ్మీ, నీ కాలు సూసుకో. జర నాకియ్యి," అన్నాను.

"నీకు డెబ్బై ఉంటయి తాతా. నువ్వు పడితే నిన్ను గూడ నేనే మోయాలె."

ఆయన అడుగు వేసినప్పుడల్లా ఆ మూల పెట్టె వంగి లేచేది. ఎవరూ చెప్పకుండానే మోసేవాళ్లంతా తమ అడుగు తగ్గించి ఆయన నడకకు కలిపారు. వెనక నడుస్తున్న మేమూ అలాగే నడిచాం, సమాధుల గేటు దాకా.