ఎవారిస్తో మార్చని టైమరు

కొలంబియా సముద్రతీరంలోని సియెనగ ఊళ్లో ఫ్రిజ్‌లు బాగుచేసేవాళ్లలో ఎవారిస్తో చేతికి మంచి పేరుండేది. వయసు అరవై మూడు. భార్య ఎదిల్మ పోయినప్పటి నుంచి రైలుకట్ట పక్కన ఒంటిగదిలో ఉండేవాడు. పక్క గది నాది. గోడ అవతల అతని రేడియో వినిపించేది. ఆదివారాలు ఆ రేడియోకి అతను బదులు చెప్పడం కూడా వినిపించేది. అయినా మూడేళ్లలో నేను అతన్ని పలకరించింది తక్కువే.

ఒక జూన్ ఉదయం దోన్యా ఒబ్దులియా అతనికి కబురు పెట్టింది. ఊళ్లో అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే ఆవిడ, తన ఇంటి కిటికీ దగ్గర బోలీలు అమ్మేది. చింతపండు రసాన్నీ కొబ్బరిపాలనూ సన్నటి ప్లాస్టిక్ సంచుల్లో పోసి గడ్డకట్టిస్తే అవే బోలీలు.

"రా మేస్త్రీ, చూడు! కొండమీది మంచు మొత్తం నా ఫ్రీజర్లోకే దిగింది. బోలీలు మాత్రం కారిపోతున్నాయి."

ఎవారిస్తో లోపలి వెనక పలక విప్పాడు. ఫ్రీజరును చల్లబరిచే గొట్టాల మీదంతా తెల్లటి గోడలా మంచు పేరుకుని ఉంది. ఫ్యాను రెక్క అందులో ఇరుక్కుపోయింది. వేడినీళ్ల గిన్నె పెట్టి మంచు కరిగించి, హీటరుకు మీటరు పెట్టి చూశాడు. హీటరు బాగానే ఉంది. రోజుకు మూడుసార్లు ఆ హీటరును వెలిగించి మంచు కరిగించాల్సిన టైమరే ఆగిపోయింది. కొత్త టైమరు అతని సంచిలోనే ఉంది.

అంతలో ఆవిడ కాఫీ, ఉడికిన కర్రపెండలం, జున్ను ముక్క తెచ్చి పెట్టింది.

"మీ ఆవిడ పేరేంటి మేస్త్రీ?"

ఆ పేరు అతన్ని ఎవరూ అడగక చాలా కాలమైంది. ఎదిల్మ గురించి చెప్పడం మొదలుపెట్టి గంటసేపు చెప్పాడు. లేచేటప్పుడు సంచిలోకి చెయ్యి పెట్టి, ఖాళీగా తీశాడు. ఆగిపోయిన పాత టైమరునే స్క్రూడ్రైవరుతో చల్లబరిచే వైపు తిప్పి పలక బిగించేశాడు.

"మళ్లీ మంచు పడితే పిలవండి దోన్యా."

పన్నెండు రోజులకు మళ్లీ మంచు పేరుకుంది. ఆవిడ పిలిచింది, అతను కరిగించాడు, కాఫీ తాగాడు. అలా ఐదుసార్లు జరిగింది. మొదటిసారి తప్ప కూలి తీసుకోలేదు.

సెప్టెంబరులో ఆవిడ కళ్లు చూపించుకోవడానికి మూడు రోజులు పెద్ద ఊరు బరాంకియా వెళ్లింది. మేనకోడలి పుట్టినరోజు పండగ కోసం చేసిపెట్టిన నూట ఇరవై బోలీలు ఫ్రీజర్లో ఉన్నాయి. తిరిగొచ్చేసరికి వంటగది నేలంతా కరిగిన బోలీల పాకం, దాని నిండా చీమలు. కబురందుకుని ఎవారిస్తో వెళ్లినప్పుడు ఆవిడ గొంతుక్కూర్చుని తుడుస్తోంది.

"ఈ పెట్టెను సముద్రంలో పారేస్తాను మేస్త్రీ."

"తప్పు దానిది కాదు దోన్యా. నాది. ఏం పాడైందో మొదటి రోజే తెలుసు."

ఆవిడ గుడ్డ బక్కెట్లో వదిలేసింది. "తెలిసీ ఊరుకున్నావా?"

"బాగైపోతే మీరు పిలవరు కదా అని."

"ఎంత మొద్దువయ్యా! కాఫీ తాగాలంటే ఫ్రీజరు పాడవ్వాలా? తలుపు తట్టడం రాదా నీకు?"

అతను వంగి సంచి విప్పాడు.

"ముందు అది బాగుచెయ్యి," అంది ఆవిడ. మళ్లీ గుడ్డ అందుకుంది.

పావుగంటలో కొత్త టైమరు బిగించాడు. హీటరు వెలిగి, కరిగిన నీళ్లు కింద పళ్లెంలోకి బొట్టుబొట్టుగా పడేదాకా ఆగాడు. మిగిలిన నేల తనే తుడిచి వచ్చేశాడు.

ఆ ఫ్రీజరుకు మళ్లీ మంచు పట్టలేదు. ఆవిడ ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆ ఆదివారం ఎవారిస్తోనే నా గుమ్మం దగ్గరికొచ్చి, నిలబడే అంతా చెప్పాడు.

నవంబరులో నేను బోలీ కొనడానికి వెళితే ఆవిడ అడిగింది: "మీ పక్కింటాయన బతికే ఉన్నాడా?"

వచ్చి అతనితో చెప్పాను.

"నవ్వుతూ అడిగిందా, కోపంగానా?"

"రెండూను. వెళ్లు."

ఉతికిన చొక్కా తొడిగాడు, బూట్లు వేసుకున్నాడు. సాయంత్రం దాకా వీధిలోకి దిగకుండా తన గడప మీదే కూర్చున్నాడు. చీకటి పడుతుండగా వంగి బూట్ల తాళ్లు విప్పుకున్నాడు.